నాలుగున్నర బస్సు ఎక్కే అమ్మాయిల తరఫున

విజయనగరంలోని మా డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్ గారికి, కాలేజీ నాణ్యత చూసే అంతర్గత కమిటీ ఐక్యూఏసీ సభ్యులకి, ఆటలు నేర్పే పీడీ మాస్టారికి, మాకు పాఠాలు చెప్పే మాస్టార్లకి, మేడమ్‌లకి,

నమస్కారం.

ఈ ఏడు విద్యార్థి ప్రతినిధిగా నా పేరు రాసింది మీరే. ఆ బాధ్యతతోనే ఈ లేఖ రాస్తున్నాను. కాలేజీ లోపలి సంగతి నలుగురిలో పెట్టిందేమిటని మీకు కష్టంగా అనిపించవచ్చు. లోపల చెప్పాకే బయట రాస్తున్నాను. మొన్నటి ఐక్యూఏసీ మీటింగులో లేచి నిలబడి సాయంత్రం బస్సుల సంగతి, గ్రౌండు సంగతి వివరంగా చెప్పాను. "చూద్దాంలేమ్మా" అన్నారు. తరవాత మీటింగులో ఎవరేమన్నారో రాసే మినిట్స్ పుస్తకం సంతకానికి నా దగ్గరికి వచ్చింది. అందులో బస్సు లేదు, గ్రౌండు లేదు. "కళాశాలలోని సౌకర్యాల పట్ల విద్యార్థి ప్రతినిధి సంతృప్తి వ్యక్తం చేశారు" అని ఉంది. నేను సంతకం పెట్టలేదు. పెట్టనందుకు నన్నెవరూ ఏమీ అనలేదు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ ఆ వాక్యం అక్కడ అలాగే ఉంది. దాని స్థానంలో ఉండాల్సిన మాటలు ఇవి.

మన కాలేజీలో క్లాసులు అయ్యేది నాలుగింటికి. మీటింగులు ఎక్కువగా ఆ తరవాతే పెడతారు. ఆటల సాధనా ఆ తరవాతే. ఊళ్ళనుంచి వచ్చే అమ్మాయిలు ఆర్టీసీ కాంప్లెక్స్‌కి పరిగెత్తాల్సిన వేళా అదే. మెయిన్ రోడ్డు మీదున్న ఊళ్ళ వాళ్ళకి పెద్ద ఇబ్బంది లేదు. గజపతినగరం, చీపురుపల్లి, నెల్లిమర్ల, ఎస్.కోట, వీటికి పొద్దుపోయేదాకా ఏదో ఒక బస్సు దొరుకుతుంది. రోడ్డు దిగి లోపలికి వెళ్ళాల్సిన ఊళ్ళ సంగతి వేరు. సాయంత్రం ఒక్క పల్లెవెలుగు, అంతే. అది తప్పిపోతే జంక్షన్ దాకా ఇంకో బస్సులో వెళ్ళి, అక్కడ ఆటో నిండేదాకా కూర్చుని, దీపాలు పెట్టాక ఇల్లు చేరాలి. నవంబరులో మన వైపు అయిదున్నరకే మసక పడిపోతుంది. ఇంట్లోవాళ్ళు ఓ రోజు ఊరుకుంటారు, రెండో రోజు ఊరుకుంటారు. మూడో రోజు "సదివింది సాలు, ఇంటికాడుండు" అంటారు. ఆ మాట పడకూడదనే మా క్లాసు అమ్మాయిలు చివరి పీరియడ్‌లోనే పుస్తకాలు సర్దుకుని గంట కోసం చూస్తుంటారు. పాఠం మీద శ్రద్ధ లేక కాదు మాస్టారూ. మీరు కోప్పడినప్పుడు వాళ్ళు బదులు చెప్పరు గనక నేను చెబుతున్నాను.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టిక్కెట్టు లేదు. ఆధార్ చూపిస్తే జీరో టిక్కెట్టు కొట్టి ఇస్తున్నారు. ఇది మా ఇళ్ళలో ఎంత మేలు చేసిందో మాటల్లో చెప్పలేను. బస్సు ఛార్జీలకి వెనకాడి ఇంటర్‌తో ఆపేద్దామనుకున్న పిల్లలు ఈ రోజు డిగ్రీకి వస్తున్నారు. అయితే ఛార్జీ పోయింది గానీ బస్సు వేళ మారలేదు. పైగా ఉన్న ఆ ఒక్క బస్సూ కిక్కిరిసిపోతోంది. ముందే వెళ్ళి నిలబడకపోతే ఎక్కలేరు. అంటే వాళ్ళు మన గేటు దాటాల్సిన వేళ ఇంకా ముందుకి జరిగింది.

నా సంగతి చెబుతాను. మాది రాజాం దగ్గర పల్లె. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. జిల్లా మారినా దూరం మారదు గనక కంటోన్మెంట్ వైపు ఇద్దరు స్నేహితురాళ్ళతో గది తీసుకుని ఉంటున్నాను. నాలుగింటి మీటింగుకి నేను రాగలను. సాధనకి ఉండగలను. ఈ సెమిస్టరులో అలా ఉండబట్టే ఊపిరి సలపలేదు కూడా. మిడ్ పరీక్షలు, దసరా సెలవులు, ఐక్యూఏసీ మీటింగు, యాంటీ ర్యాగింగ్ కమిటీ, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకి ఊరు ఎంచుకోవడం, ఇంటర్ కాలేజియేట్ కబడ్డీకి జట్టు ఎంపిక, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. మధ్యలో మొంథా తుపాను వానలు. సాయంత్రం మోకాళ్ళకి మట్టితో మీటింగు హాల్లోకి, మీటింగు నుంచి గదికి, గదిలో రికార్డులు రాసుకోవడం. మా అమ్మ ఫోను చేసి "ఏటే, ఇంకా మీటింగేనా? తిన్నావా?" అని అడగని రాత్రి లేదు. ఇంత తిరుగుడులో నాకు అర్థమైంది ఒకటే: నేను ఎక్కడికి వెళ్ళినా అక్కడ ఉండే ముఖాలు అవే. గదులు తీసుకున్నవాళ్ళం, హాస్టలు వాళ్ళం, టౌను వాళ్ళం.

సిరిమాను పండక్కి ముందురోజు, తొలేళ్ళ నాడు, మధ్యాహ్నం పూట ఒక మీటింగు పెట్టారు. పైడితల్లమ్మ పండక్కి ఈ ఊళ్ళోకి జనం ఎలా వస్తారో, బస్సులు ఎక్కడెక్కడ ఆపేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రోజు చర్చకి వచ్చింది అమ్మాయిల వెయిటింగ్ రూము. ఆ గది వాడేది బస్సు కోసం కాచుకునేవాళ్ళు, తెల్లారగట్ల బయల్దేరి క్లాసుకి గంట ముందే వచ్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళలో ఒక్కరూ ఆ హాల్లో లేరు. ఫ్యాను ఎక్కడుండాలో, బెంచీలు ఎన్ని కావాలో నేనూ ఒక హాస్టలు అమ్మాయీ చెప్పాం. తరవాత ఆ గదిలో రోజూ కూర్చునే అమ్మాయిని అడిగితే ఫ్యాను మాటే ఎత్తలేదు. "తలుపుకి లోపల గొళ్ళెం లేదక్కా. బట్టలు సర్దుకోవాలంటే ఒకళ్ళం బయట నిలబడాలి" అంది. మా ఇద్దరికీ తట్టని సంగతి అది. తట్టదు కూడా, మేం ఆ గది వాడం గనక.

ఇక గ్రౌండు. దీని గురించి నేను కొంచెం ఎక్కువే రాస్తాను, నన్ను ఈ కాలేజీలో నిలబెట్టింది ఆ మట్టి గనక.

పీడీ మాస్టారు సున్నం పోసి గీతలు గీయిస్తారు. ఆడవాళ్ళ కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. పక్కకి ఏడుగురు, మొత్తం పద్నాలుగు మంది ఉంటేనే సాధన సాధనలా ఉంటుంది. మాకు మొదట్లో పద్నాలుగు మందీ ఉంటారు. చెప్పులు విడిచి, చున్నీలు నడుముకి బిగించి, ఒళ్ళు వేడెక్కేలా రెండు చుట్లు పరిగెత్తి, అప్పుడే ఆట కుదురుకుంటుంటుంది. మా జట్టులో అందరికన్నా బాగా కూతకెళ్ళే అమ్మాయి మెంటాడ వైపు పల్లె నుంచి వస్తుంది. ఆమె కూతకొస్తే ఎదురుగా నిలబడ్డవాళ్ళకి ఆమె కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియదు. నేను కార్నర్‌లో ఆడతాను, ఎన్నిసార్లు మోసపోయానో నాకు తెలుసు. కుడివైపు వాలినట్టే వాలి, ఎడమ కాలు బోనస్ గీత దాటించి, వెనక కాలు గాల్లోకి లేపి, మనం మడమ పట్టుకునేలోపు మధ్యగీత దగ్గర ఉంటుంది. ముప్ఫై సెకన్ల కూతలో ఇరవై సెకన్లు మమ్మల్ని ఊరికే చూస్తూ నిలబడగల నిబ్బరం ఆమెది. అలాంటి అమ్మాయి ఆట మధ్యలో గోడ మీది వాచీ చూసి, "అక్కా, బస్సు" అని గీత దాటి బయటికి వెళ్ళి, కాళ్ళ మట్టి కడుక్కోకుండానే బ్యాగు తగిలించుకుంటుంది. ఆమె వెనకే ఇంకొందరు.

కబడ్డీ తెలిసినవాళ్ళకి ఆ తరవాత ఏమవుతుందో తెలుసు. ఎదురుగా కనీసం ఆరుగురు ఉంటేనే బోనస్ గీత దాటినందుకు పాయింటు. బస్సు అమ్మాయిలు వెళ్ళిపోయాక మా రెండు వైపులా ఆరుగురు మిగలరు. కాబట్టి మాకు బోనస్ సాధన లేదు, ఏడుగురితో గొలుసు కట్టి పట్టే సాధన లేదు. అలాగే పోటీలకి వెళ్ళాం. ఇంటర్ కాలేజియేట్‌లో మ్యాటు మీద ఆడాలి. మట్టిలో ఆడిన కాళ్ళకి మ్యాటు కొత్త, కొందరికి బూట్లు కూడా ఆ రోజే కొత్త. ఎదుటి జట్టు బోనస్‌ల మీదే మమ్మల్ని దాటిపోయింది. ఆ మెంటాడ అమ్మాయి జట్టులో లేదు. సాధనకి హాజరు లేదని ఎంపికలో పేరు తీసేశారు. పీడీ మాస్టారిని నేను తప్పుపట్టను, ఎవరొస్తే వాళ్ళలోంచే కదా ఆయన జట్టు కట్టాలి. ఆమె ఉంటే గెలిచేసేవాళ్ళమని కూడా అనను. కానీ ఓడినా గెలిచినా ఆ మ్యాటు మీద కాలు పెట్టే హక్కు ఆమెకి ఉంది. అది పోయింది బస్సు వేళ వల్ల, ఆట రాక కాదు.

మన గోడల మీద కరణం మల్లీశ్వరి గారి బొమ్మ ఉంది. క్రీడా దినోత్సవం నాడు దండ వేస్తాం. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి, 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఈ దేశంలో ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి మహిళ. మన నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ నుంచి మత్స సంతోషి గారు 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం తెచ్చారు. కొండవెలగాడ లాంటి చిన్న ఊరి నుంచి అంతమంది లిఫ్టర్లు ఎలా వచ్చారని అందరూ ఆశ్చర్యపోతారు. నాకు తోచిన కారణాల్లో ఒకటి చాలా మామూలుది. అక్కడ సాధన ఊళ్ళోనే. ఆడపిల్ల ఇంటి నుంచి నడిచి వెళ్ళి, బరువులెత్తి, నడిచి ఇంటికి వస్తుంది. ఏ బస్సూ ఆమె సాధనని మధ్యలో ఆపదు. మనం ప్రతి ఊళ్ళో వ్యాయామశాల కట్టలేం. కాలేజీ టైంటేబులు మాత్రం మన చేతిలోదే.

టైంటేబులు మార్చడం అంత తేలిక కాదని నాకు తెలుసు. డిగ్రీలో ఒకే సబ్జెక్టు ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక ల్యాబులు, స్కిల్ కోర్సులు, ఇంటర్న్‌షిప్‌లు అన్నీ సర్దడానికి మేడమ్‌లు ఎంత కష్టపడుతున్నారో స్టాఫ్‌రూములో చూశాను. అయినా వారంలో మూడు రోజులు మధ్యాహ్నం చివరి పీరియడ్‌ని ఆటలకి ఇవ్వడానికి వీలవుతుందేమో కూర్చుని చూద్దాం. ఆ పీరియడ్ పాఠాన్ని పొద్దున్నకి జరపొచ్చు. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఎలాగూ ఎనిమిదిన్నరకే వచ్చి కూర్చుంటున్నారు, పొద్దున్న బస్సూ అదొక్కటే గనక.

ఆ కాంప్లెక్స్ గురించి కూడా రాయాలి. మీటింగుల్లో ఎవరూ ఏమీ చెప్పడం లేదని, సాయంత్రాలు వీలైనప్పుడల్లా నేనే కాంప్లెక్స్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. ప్లాట్‌ఫారం మీద, బస్సు ఇంకా వెనక్కి పెట్టకముందు, అమ్మాయిలు తీరిగ్గా మాట్లాడతారు. క్లాసులో నోరు విప్పని వాళ్ళే అక్కడ గలగలా చెబుతారు. ఒకమ్మాయి పొద్దున్న నుంచి మంచినీళ్ళు తాగదు. ఎందుకంటే కాలేజీ బాత్రూములో మధ్యాహ్నానికి నీళ్ళైపోతాయి, బస్సులో గంటపైన ప్రయాణం. ఇంకో అమ్మాయికి రెండేళ్ళుగా లైబ్రరీ నుంచి పుస్తకం ఇంటికి తీసుకెళ్ళే యోగం లేదు. మన లైబ్రరీలో పుస్తకాలిచ్చేది మూడున్నర తరవాత, అప్పుడు ఆమెకి ల్యాబు ఉంటుంది, ల్యాబయ్యాక బస్సు. ఆమె మా బ్యాచ్‌లో మొదటి అయిదుగురిలో ఉంటుంది. పక్కవాళ్ళ పుస్తకాలు ఫోనులో ఫొటోలు తీసుకుని, ఆ చిన్న తెర మీద చదువుకుని ఉంటుంది. ఇవేవీ ఏ ఫిర్యాదుల పెట్టెలోనూ పడలేదు. మన పెట్టె ఆఫీసు గది ముందుంది, అక్కడ ఆగి కాగితం వేసే తీరిక వాళ్ళకి లేదు.

రాత్రి గదిలో లైటు తీసేశాక ఇదే ఆలోచన. మీటింగులో నేను నోరు తెరిస్తే అది కాలేజీ మొత్తం మాటగా మీరు రాసుకుంటారు. నేను తెచ్చే మాట ఎవరిది? నన్ను ఎవరూ ఓటేసి ఎన్నుకోలేదు. మార్కులు చూసి, కబడ్డీ చూసి పేరు రాశారు. నా మీద ఉంచిన నమ్మకానికి కృతజ్ఞురాలిని. కానీ నన్ను వద్దని చెప్పే అవకాశం ఆ కాంప్లెక్స్‌లోని అమ్మాయిలకి ఎప్పుడూ రాలేదు. వాళ్ళు నాతో "మీ మీటింగు" అంటారు, "మన మీటింగు" అనరు. నాకు అది గుచ్చుకుంటుంది. మంచి మార్కులొచ్చిన అమ్మాయికి దొరికిన గౌరవం కింద ఈ కుర్చీని చూడలేకపోతున్నాను. పగలంతా తిరిగిన అలసట కన్నా ఈ ఆలోచనే ఎక్కువగా నిద్ర పట్టనివ్వదు.

నిబంధనలు కూడా చదివాను. యూజీసీ 2023లో తెచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనల్లో ప్రతి కాలేజీలో కమిటీ ఉండాలనీ, అందులో విద్యార్థి ప్రతినిధిని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలవాలనీ, ఫిర్యాదు అందాక వీలైనంతవరకు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలనీ ఉంది. లైంగిక వేధింపుల నివారణపై 2015 నిబంధనలైతే అంతర్గత కమిటీలోకి వచ్చే విద్యార్థుల్ని పారదర్శకంగా ఎన్నుకోవాలని చెబుతున్నాయి. విద్యార్థి ఎన్నికల మీద వేసిన లింగ్డో కమిటీ సిఫార్సుల్ని సుప్రీంకోర్టు 2006లోనే అమలు చెయ్యమంది. పేర్లు రాసి నియమించే పద్ధతిని ఆ కమిటీ తాత్కాలిక ఏర్పాటుగానే చూసింది. మన రాష్ట్రంలో కాలేజీ ఎన్నికలు జరిగి దశాబ్దాలైంది. గొడవలు అవుతాయన్న భయం మీకుంది. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను, పెద్దవాళ్ళు చూసినవి మేం చూడలేదు. అయినా జెండాలు, ఊరేగింపులు లేకుండా, ఒక్కో క్లాసులో చీటీల మీద పేర్లు రాయించి లెక్కపెడితే గొడవ ఎక్కడిది? పదకొండు గంటల పీరియడ్‌లో పెడితే బస్సు అమ్మాయిలు కూడా చీటీ వేస్తారు. వచ్చే ఏడు నా స్థానంలో వచ్చేవాళ్ళు అలా రావాలని కోరుతున్నాను.

అబ్బాయిలకి కూడా ఒక మాట. మీలో చాలామందికి బండి ఉంది, లేకపోతే స్నేహితుడి బండి ఉంది. ఏడింటిదాకా క్రికెట్ ఆడుకుని వెళ్ళగలరు. అందుకే ఈ సంగతి మీకు ఎప్పుడూ ఎదురుపడి ఉండదు. మీటింగుల వేళ మార్చాలని అడిగినప్పుడు "మాకేం ఇబ్బంది లేదు" అని చెయ్యెత్తకండి. పక్కన నిలబడండి.

అయ్యా, అమ్మా, నేను అడిగేవాటిలో డబ్బు ఖర్చయ్యేవి చాలా తక్కువ. మీటింగులు క్లాసుల వేళలోనే పెట్టండి. ఆటలకి పగటి పూట పీరియడ్ ఇవ్వండి. లైబ్రరీలో మధ్యాహ్నం భోజనాల వేళ కూడా పుస్తకాలివ్వమని చెప్పండి. మినిట్స్ రాసిన వారం లోపు ఒక నకలు నోటీసు బోర్డులో అంటించండి, ఎవరు ఏమన్నారో, ఏం ఒప్పుకున్నారో, ఏది కుదరదన్నారో. కుదరదు అని రాసినా మాకు మేలే, ఎందుకు కుదరదో తెలుస్తుంది. సాయంత్రం పల్లెవెలుగుల్ని ఓ అరగంట ఆలస్యంగా నడపమని ఆర్టీసీ డిపో మేనేజరు గారికి కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాయండి. ఏ ఊరికి ఎంతమంది వెళ్తున్నారో ఆ పట్టిక నా దగ్గర తయారుగా ఉంది, కాంప్లెక్స్‌లో అమ్మాయిలే రాసి ఇచ్చారు. విద్యార్థినులు అడిగితే ఒక మాట, ప్రిన్సిపాల్ గారు అడిగితే ఇంకో మాట. ఆఫీసుల్లో ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు.

వెయిటింగ్ రూము తలుపుకి గొళ్ళెం మాత్రం రేపే పెట్టించండి. దానికి మీటింగు అక్కర్లేదు.

తరవాతి ఐక్యూఏసీ సమావేశానికి నోటీసు ఇంకా రాలేదు. ఆ నోటీసులో వేళ దగ్గర ఉదయం పదకొండు గంటలని రాయించండి. బస్సుల్లో వచ్చే అమ్మాయిలు ఇద్దరు నాతో వస్తారు. ఒకరు మెంటాడ వైపు, ఒకరు చీపురుపల్లి వైపు. ఈసారి బస్సు గురించి, గ్రౌండు గురించి మాట్లాడేది వాళ్ళే. వాళ్ళ మాటలు వాళ్ళ పేర్లతోనే పుస్తకంలో రాయించండి. అప్పుడు నేనూ సంతకం పెడతాను.

ఇట్లు,
మీ విద్యార్థిని,
విద్యార్థి ప్రతినిధి, బి.ఎస్సీ. మూడో సంవత్సరం,
విజయనగరం